వామి చూసి బేరం చెప్పేవాడు మా తాత

బేరగాడు రేపు మళ్లీ వస్తానన్నాడని మీ నాయన చెప్పాడు. కోడెకూ పెయ్యకూ కలిపి వాడు చెప్పిన ధర వింటే ఎవరికైనా మనసు లాగుద్ది. అంత దూరంగా కూచోబాకండి, చలి. ఆ మొద్దు కాస్త మంటలోకి నెట్టండి. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఈ కొట్టానికి కొత్త మాట కాదు. నాకు అప్పుడప్పుడే మీసాలు వస్తున్న కాలంలో ఇదే మాట మీద మా తాతా మా నాయనా పట్టుబట్టుకుని కూచున్నారు.

1960 దాటిన కొత్తలో ఒంగోలు చుట్టూ ఊళ్లలోకి బ్రెజిల్ వాళ్లు పశువుల్ని కొనడానికి వచ్చేవాళ్లు. వాళ్లకు మన గొడ్డు కొత్తేం కాదు. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడలోని మన జత ఒకదాన్ని దారిలో బ్రెజిల్‌లోని బాహియా రేవులో అమ్మేశారని చెప్తారు. 1878లో లెంగ్రూబర్ అనే ఆయన జర్మనీలో హాంబర్గు జంతుశాలలో మన జతను చూసి కొనుక్కుపోయాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకని బ్రెజిల్‌లో వీటికి నెలోరె అనే పేరు నిలబడింది. మనం దుక్కికీ బండికీ పెంచాం. వాళ్లు మాంసానికి పెంచుతారు. ఎండకు ఓర్చుకుద్ది, పిడుదులకు లొంగదు, ముతక గడ్డి మేసి కూడా ఒళ్లు చేస్తది, ఆ గుణాలే వాళ్లకు కావాల్సింది. 1962లో కొన్న గొడ్లను ఓడలో తీసుకుపోయి, రోగాలు అంటకుండా ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో నిలిపి, పరీక్షలయ్యాకే దేశంలోకి తోలారు. మన కరవది ఊరి పేరుతోనే ఒక ఆబోతు వాళ్ల దేశంలో గొప్ప వంశానికి మూలమైంది. గోదావరి, తాజ్‌మహల్ అని ఇంకో రెండు. మన ఊళ్ల పేర్లు, మన నదుల పేర్లు అక్కడి మందల పుస్తకాల్లో ఇప్పటికీ ఉన్నాయంటే నాకు గర్వమూ కలుగుద్ది, కడుపులో ఏదో దేవినట్టూ ఉంటది.

వాళ్లు పెద్ద రైతుల దగ్గరే కొన్నారు, మన గడప తొక్కలేదు. కానీ ఆ ధరల సంగతి విన్నాక దళారులకు కాలు నిలవలేదు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఇంటింటికీ బేరాలు. నిరుడు ధరకు ఇప్పుడు రెట్టింపు పలుకుతుంటే మా నాయనకు ఆగలేదు. మా అక్క పెళ్లికి చేసిన అప్పుంది, పై సంవత్సరం వానలు ఎట్టా ఉంటాయో తెలియదు. ఆయనది దురాశ కాదు రా, అవసరం. పెద్దావునూ దాని పెయ్యనూ కోడెనూ కలిపి తోలేద్దామన్నాడు.

మా తాత మాట్లాడకుండా లేచి దొడ్లోకి పోయి వామి చుట్టూ తిరిగాడు. ఆ ఏటి గడ్డి ఎంతుంది, ఉగాదికి ఎంత మిగులుద్ది, ఎండాకాలం బావిలో నీళ్లు ఎన్ని మట్లుంటాయి, ముందు ఇవి చూశాడు. ధర సంగతి తర్వాత. ఆ పైన ఒక్కో గొడ్డు నోరు తెరిచి పళ్లు చూశాడు. పెద్దావుకు కట్టుపళ్లు దాటి పళ్లు అరిగిపోయాయి, ఈత ఈతకూ మధ్య ఎడం పెరిగింది. కోడె రెండుపళ్ల మీదుంది, కాడి కింద పెట్టకముందే మంచి ధర. పెయ్య ఇంకా పాలపళ్ల మీదే, కానీ దాని తల్లి ప్రతి ఈతకూ దూడ తాగగా ఇంటికి పాలిచ్చింది, దాని అమ్మమ్మ కరువులో కూడా దూడను నిలబెట్టింది.

"కోడెనమ్మితే ఒక కోడె పోద్ది. ఈ పెయ్యనమ్మితే దాని కడుపున పుట్టబోయేవన్నీ పోతయ్యి. వాటికి వాడు ధర కట్టాడా?" అన్నాడు.

మా నాయన ఊరుకోలేదు. "అది ఈనేసరికి నాలుగేళ్లు. అప్పటికి ఈ ధర ఉంటదా?" అన్నాడు. సరైన ప్రశ్నే. మన ఒంగోలు పెయ్య ఆలస్యంగా ఎదకొస్తది, తొలిచూలు ఈనేటప్పటికి నాలుగేళ్లు పట్టడం మామూలే. ఆ తర్వాత దూడ చేతికి రావాలంటే ఇంకో రెండేళ్లు. అన్నాళ్లూ తవుడూ చెక్కా ఖర్చే. ఇవాళ కళ్లముందున్న నోట్లు వదిలి ఆరేళ్ల తర్వాతి మాట నమ్మమంటే ఏ అప్పున్నవాడికైనా కష్టమే. చివరికి కోడెనూ పెద్దావునూ అమ్మారు. ఆ డబ్బుతో షావుకారు అప్పు సగానికి పైగా తీరింది, పెయ్య మాత్రం గాటనే ఉండిపోయింది. పలుపు తాడు విప్పి చేతికిచ్చేటప్పుడు మా నాయనమ్మ పెద్దావు నుదుట బొట్టు పెట్టి కొట్టంలోకి పోయి కూచుంది. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

మన పక్కింటి మావ వాళ్లు మొత్తం తోలేశారు. ధర తగ్గాక మళ్లీ కొనుక్కుందామనుకున్నారు. ధర తగ్గింది నిజమే, కానీ అట్టాంటి పెయ్య ఏ సంతలోనూ కనపడలా. సంతకు వచ్చేది అవతలివాడు వద్దనుకున్న గొడ్డే కదా. చూలు నిలవనిదో, పొదుగులో ఒక చన్ను చెడినదో. ఎన్నో సంతలు తిరిగి, ఆఖరికి మన పెయ్య కన్న రెండో ఈత దూడ కోసం మన గుమ్మంలోకే వచ్చారు.

అట్టాగని ఉంచుకున్నవాళ్లంతా బాగుపడ్డారని నేను చెప్పను. ఇంకా పెరుగుద్దని నాలుగు జతల ఎద్దులను పట్టుకు కూచున్న వాళ్లున్నారు. ఎండు సంవత్సరం వచ్చి గడ్డి మోపు ధర మండిపోతే, ఎముకలు తేలిన గొడ్డును అడిగినంతకు ఇచ్చేసుకున్నారు. 1977 నవంబరు తుపాను సంగతి మీ నాయనమ్మను అడగండి, వాళ్ల పుట్టిల్లు బాపట్ల వైపు. గొడ్లు కట్టేసిన చోటి నుంచే కొట్టుకుపోయాయి. గాలికుంటు వస్తే మంద మొత్తం కుంటుతది. వామిలో ఉన్న మేరకే ఉంచుకోవాలి, లేని మేతకు ఆశ కట్టకూడదు.

మన చిన్నబ్బాయి టెక్సాస్ నుంచి ఫోనులో ఇదే చెప్పాడు. అక్కడి బ్రాహ్మణ్ పశువుల్లో కూడా మన నెత్తురుంది. వరసగా కరువులొచ్చి మేత లేక అక్కడివాళ్లు పెయ్యల్ని కూడా మాంసానికి తోలేశారట. 2025 జనవరికి అమెరికాలో గొడ్లు 8.67 కోట్లకు దిగాయి, 1951 తర్వాత అంత తక్కువ లేవు. అందుకే ధర ఎప్పుడూ లేనంత పెరిగింది. ధర పెరిగింది గదా అని పెయ్యను ఉంచుకుందామంటే, అమ్మితే వచ్చే డబ్బు కళ్లముందే కనపడుతుంది. ఉంచుకున్నవాడి పెయ్య ఈని దూడ ఎదిగేదాకా మంద పెరగదు. మా నాయన అడిగిన ప్రశ్నే, ఆ దేశంలో అడుగుతున్నారు.

బ్రెజిల్ వాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. వియాటినా-19 అనే నెలోరె ఆవు గురించి పేపర్లో చదివా. 2023లో దాని మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లు తేలింది. కొన్నవాళ్లకు దక్కింది వాటా, ఆవు మొత్తం కాదు. దాని అండాలతో వేరే ఆవుల కడుపున దూడల్ని పుట్టిస్తారు. అంతటి ధర వచ్చినా ఆవు మొత్తాన్ని చేతులు దులుపుకుని ఇచ్చెయ్యలేదు చూడండి. ఇక్కడ ట్రాక్టర్లు వచ్చాక మనవాళ్లు ఎన్ని మందల్ని ఒక్క చేత్తో వదిలేశారో తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

రేపు వాడొస్తే తొందరపడి బయానా పుచ్చుకోబాకండి. కోడె ధర వేరే, పెయ్య ధర వేరే చెప్పమనండి. కలిపి చెప్పేది పెయ్య కోసమే. కోడెను ఇచ్చెయ్యండి, బండలాగుడు పోటీలకు దాన్ని మేపే స్తోమత మనకు లేదు. గోడ పక్కన ముసలావు మొన్న ఎదకు రాలేదన్నారు, పశువుల డాక్టరును పిలిచి చూపించి ఆ తర్వాత దాని మాట తేల్చండి. పెయ్య సంగతి మాత్రం, పొద్దున్నే ఒకరు పోయి వామి చుట్టూ నడిచి, ఎన్నాళ్ల గడ్డి ఉందో నాకు వచ్చి చెప్పండి.