కుంచం వాన, క్యూసెక్కు వరద

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) పేరు ఊరి పేరులో ఇప్పటికీ ఉంది. ఆ కట్ట కింది రైతుకు తూము అంటే రెండు: చెరువు నీరు వదిలే దారి ఒకటి, నాలుగు కుంచాల గింజల కొలత ఇంకొకటి.

నీరు ఎంత అన్నది ఒక లెక్క. ఎంత జాగా మీద, ఎంతసేపట్లో అన్నది వేరే లెక్క. ఈ రెండోదాన్నే ఇంజినీర్లు ఫ్లక్స్ అంటారు. పేరు కొత్తదే గానీ లెక్క పాతది. వాన కొలవడానికి ధాన్యపు కొట్టు ముందు మూరెడు వెడల్పు నోరున్న పాత్ర పెట్టమంది కౌటిల్యుడి అర్థశాస్త్రం; ఏ సీమలో ఎన్ని ద్రోణాలు కురుస్తుందో కూడా చెప్పింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆఢకాలతో లెక్కించాడు. రెండూ గింజల కొలతలే. పాత్ర నోరు ఇంతే ఉండాలని కట్టడి చేశారు కాబట్టి, ఎన్ని ద్రోణాలో చెబితే ఎంత లోతో చెప్పినట్టే. ఉగాది పంచాంగంలో వినే ‘ఇన్ని కుంచాల వాన’ ఆ వరసదే. కాకపోతే పాత్ర నోరెంతో పంతులుగారు చెప్పరు, మనమూ అడగం. అది తెలియని కుంచం గింజలకే పనికొస్తుంది.

ఇంగ్లీషు ఇంజినీర్లు అడుగు, అంగుళం, ఎకరం తెచ్చారు. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు, అంటే 28.3 లీటర్లు. ఇందులో ఒక అదృష్టం దాగి ఉంది: ఎకరం మీద గంటకు అంగుళం నీరు పారితే అది 1.008 క్యూసెక్కులు. దాదాపు ఒకటికి ఒకటి!

మూసీ మీద దీన్ని వాడి చూడండి. 1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. హైదరాబాద్ నగరానికి ఎగువన మూసీ, ఈసీల పరీవాహం సుమారు 860 చదరపు మైళ్లు, వరద 4,25,000 క్యూసెక్కులని అంచనా. లక్షల క్యూసెక్కులంటే కళ్లకు కట్టదు. చదరపు మైలుకు 640 ఎకరాల చొప్పున భాగిస్తే ఎకరానికి 0.77 క్యూసెక్కు, అంటే ప్రతి ఎకరం నుంచీ గంటకు ముప్పావు అంగుళం నీరు, సుమారు 20 మిల్లీమీటర్లు, కదిలి వచ్చిందన్నమాట. అలాంటి వరదను పట్టి ఉంచడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

1956 చట్టంతో దేశం మెట్రిక్ కొలతలకు మళ్లింది. వాన మిల్లీమీటర్లలోకి వచ్చింది, సాగర్ గేట్ల వార్త మాత్రం నేటికీ క్యూసెక్కుల్లోనే. నాకైతే మిల్లీమీటరే ముద్దు: చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు లోతు, మధ్యలో గుణకారమే లేదు.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు చదివేదీ ఈ ఫ్లక్సే. నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ పొరల పుస్తకాల్లో చదరపు అడుగుకు రోజుకు 12 గ్యాలన్లు అని ఉంటుంది. అమెరికా గ్యాలన్ (3.785 లీటర్లు) అయితే చదరపు మీటరుకు గంటకు 20 లీటర్లు, అంటే ఒకనాటి మూసీ వరద ఫ్లక్సే! బ్రిటిష్ గ్యాలన్ (4.546) అనుకుంటే 24 దాటుతుంది. గ్యాలన్ ఏ దేశానిదో అడగకుండా లెక్క కడితే ప్లాంటులో అయిదోవంతు తేడా వస్తుంది.

ఇంకో చిక్కుంది. మిల్లీమీటర్లు, గంటలు చూసి ఇది నీటి నడక వేగమనుకుంటారు. 1856లో ఫ్రాన్సులోని డిజోన్ నీటి సరఫరా గురించి రాస్తూ డార్సీ ఇసుక గుండా పారే నీటికి సూత్రం కట్టాడు. అందులోని ప్రవాహం ఇసుక మొత్తం వైశాల్యం మీద లెక్కించినది. ఇసుకలో 40 శాతం ఖాళీ ఉంటే, సందుల్లో నీరు నిజంగా రెండున్నర రెట్లు వేగంగా పోతుంది.

మళ్లీ కట్ట కిందికి వద్దాం. ఒక క్యూసెక్కు నీటితో వంద ఎకరాలు తడపాలన్న డ్యూటీని మార్చితే రోజుకు 6 మిల్లీమీటర్లు. వరిమడి ఎండకు ఆవిరయ్యేదానికి అది సరిపోవచ్చు, నేలలోకి ఇంకేది కలిపితే చాలదు. చెరువు నీరు పంచే నీరటికాడు ఈ భాగహారం చేయలేదు. మడిలో నీరు ఎంత లోతు నిలిచిందో చూసి తూము తెరిచేవాడు, మూసేవాడు.