గుంట గొలుసు, రోబో చక్రం

కల్వకుర్తి రైతు నేటికీ పొలాన్ని ఎకరాల్లో, గుంటల్లోనే చెబుతాడు. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 చదరపు గజాలు. 40 గుంటలైతే ఎకరం. 33 అడుగులంటే సర్వేయర్లు వాడిన గంటర్ గొలుసులో సరిగ్గా సగం. రోబో చక్రాల సెన్సర్‌ను సరిచూడటం కొత్త విద్య అనేవారికి జవాబు ఈ గుంటలోనే ఉంది. ఈడ్చి ఈడ్చి కడియాలు సాగి, 33 అడుగుల గొలుసు ఒక్క అంగుళం పెరిగిందనుకుందాం. లెక్క మాత్రం పాతదే. నిజమైన ఎకరం కాగితం మీద దాదాపు 24 చదరపు గజాలు తక్కువ పడుతుంది. గట్టు తగాదాకు అది చాలదూ! 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలిచిన సర్వేయర్ లాంబ్టన్, ఉక్కు గొలుసు ఎండకు ఎంత సాగుతుందో కూడా థర్మామీటర్లు పెట్టి లెక్కగట్టాడు.

గొలుసెక్కడ, రోబో ఎక్కడ, చక్రం తిరుగుళ్లు లెక్కపెట్టే ఎన్‌కోడర్ పొరపాటు పడదు కదా అనొచ్చు. తిరుగుళ్ల లెక్క తప్పకపోవచ్చు, తప్పేది చుట్టుకొలత. 100 మిల్లీమీటర్ల చక్రం వ్యాసం ఒక్క మిల్లీమీటరు అరిగితే నూటికి ఒకటి తేడా. హైదరాబాద్ నుంచి కల్వకుర్తికి సుమారు 80 కిలోమీటర్లు. అందులో అది 800 మీటర్లు. ఊరు రాకముందే వచ్చేశామంటుంది యంత్రం. మలుపును కొలిచే గైరోస్కోప్ పెడితే సరి అంటారా, అది కదలకుండా ఉన్నా మెల్లగా తిరుగుతున్నట్టు చెబుతుంది. అందుకే మిషిగన్ విశ్వవిద్యాలయంలో బోరెన్‌స్టైన్, ఫెంగ్ అనే పరిశోధకులు 1990లలో ఒక పరీక్ష రూపొందించారు. రోబోను చదరపు దారిలో సవ్యంగా, అపసవ్యంగా నడిపి, బయల్దేరిన చోటికి ఎంత తేడాతో వచ్చిందో నేల మీదే కొలుస్తారు. ఆ చదరం భుజం 4 మీటర్లు. మన గుంట భుజం 10 మీటర్ల పైచిలుకు.