భార్యపై అనుమానం జబ్బుగా మారినప్పుడు

దాంపత్యంలో అనుమానం కొత్త కాదు. కొందరు మగవారిలో మాత్రం అది భార్యకు వేరొకరితో సంబంధం ఉందనే తిరుగులేని నమ్మకంగా గట్టిపడుతుంది. మనోవైద్యం దీన్ని డెల్యూజనల్ డిజార్డర్ (భ్రమ రుగ్మత)లో ఒక రకంగా గుర్తిస్తుంది. 1955లో జాన్ టాడ్, కెనెత్ డ్యూహర్స్ట్ అనే వైద్యులు దీనికి ఒథెల్లో సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం, అన్ని రకాల డెల్యూజనల్ డిజార్డర్ కలిపినా జీవితకాలంలో సుమారు 0.2 శాతం మందికే వస్తుంది. మొత్తం మీద స్త్రీ పురుషుల మధ్య పెద్ద తేడా లేదు. అనుమాన రకం మాత్రం పురుషుల్లో ఎక్కువ కావచ్చు.

లక్షణాలు

భార్య పావుగంట ఆలస్యంగా రావడం, ఫోన్‌కు రాంగ్ నంబర్ రావడం, పక్క మీద దుప్పటి మారడం అన్నీ అలాంటి భర్తకు సాక్ష్యాలే. రాత్రంతా నిలదీస్తాడు. కాల్ లిస్టు చూపిస్తే "ముందే చెరిపేశావు" అంటాడు. ఉద్యోగం, లెక్కలు, స్నేహాలు మాత్రం మామూలుగానే సాగుతుంటాయి. అందుకే బంధువులకు ఇది జబ్బని తట్టదు. భార్య ప్రవర్తన ఎలాంటిదని వైద్యులు తీర్పు చెప్పరు. అతను ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చాడన్నదే చూస్తారు.

కారణాలు

మ్యూనిక్‌లో ఆసుపత్రిలో చేరిన 8,134 మంది మానసిక రోగుల రికార్డులను పరిశీలించి 1991లో ప్రచురించిన అధ్యయనంలో 93 మందికి, అంటే 1.1 శాతానికి, ఇలాంటి భ్రమ కనిపించింది. మెదడు జబ్బుల వల్ల, మద్యం వల్ల మతి చలించినవారిలో ఈ శాతం ఎక్కువ. ఇవి ఆసుపత్రి లెక్కలు కనుక సమాజం మొత్తానికి అన్వయించలేం. పార్కిన్సన్స్‌కు వాడే డోపమిన్ అగోనిస్టు మందులతోనూ, డిమెన్షియాతోనూ ఇది రావచ్చు. అరవై దాటాక కొత్తగా అనుమానం మొదలైతే శరీర పరీక్షలూ అవసరం. పార్కిన్సన్స్ మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు.

చికిత్సకు ఆధారాలు

యాంటీసైకోటిక్ మందులు, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ వాడుకలో ఉన్నాయి. అయితే వైద్య ప్రయోగాల ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ డెల్యూజనల్ డిజార్డర్ చికిత్సలపై 2015లో చేసిన సమీక్షలో ప్రమాణాలకు నిలిచిన ప్రయోగం ఒక్కటే. అందులో పాల్గొన్నది 17 మంది. ఫలానా చికిత్సే మేలని తేల్చడానికి ఇది చాలదు. అలాగని చికిత్స వృథా అనీ కాదు.

కుటుంబం చేయగలిగింది

వాదించి గెలవలేం, అవునని తలూపితే భ్రమ బలపడుతుంది. "నీకు అలా అనిపిస్తోందని తెలుస్తోంది. నిద్ర కూడా పట్టడం లేదు కదా, డాక్టరును కలుద్దాం" అంటే అతని బాధను పట్టించుకున్నట్టు ఉంటుంది, ఆరోపణను ఒప్పుకున్నట్టు ఉండదు. అతను నమ్మే అన్నయ్యో స్నేహితుడో వెంట వెళ్లాలి. తాగుడు ఉంటే దానికీ వైద్యం చేయించాలి. భార్యను ఒట్లు వేయమని, నిరూపించుకోమని పెద్దలు ఒత్తిడి చేయకూడదు.

బెదిరింపులు, వెంటపడటం, కొట్టడం ఉంటే భార్యాపిల్లల భద్రతే ముందు. వారు వేరేచోట ఉండాల్సి రావచ్చు. అనుమానించే ప్రతి భర్తా రోగి కాడు, జబ్బు పేరుతో హింసను క్షమించనూ కూడదు. ప్రమాదం ఉంటే 112కు, మహిళల సహాయానికి 181కి, మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. అతనికి వైద్యం, ఆమెకు రక్షణ రెండూ ఒకేసారి అందేలా చూడటం కుటుంబం బాధ్యత.