ఫిలిము లేని చలనచిత్ర పాఠశాల

చలనచిత్రము తీయుటను తరగతిలో నేర్పవచ్చునా అను ప్రశ్న చాల పాతది. సంగీతమునకు గురువు కలడు. నాట్యమునకు గురుపరంపరయే కలదు. చలనచిత్రమునకు మాత్రము చిరకాలము స్టూడియోయే బడి. సహాయకుడుగా చేరి, పెద్దల వెనుక నిలిచి, తిట్లు తిని నేర్చుకొనుటయే చదువు. మద్రాసు స్టూడియోలలో మన తెలుగు దర్శకులు పెక్కుమంది ఆ విధముగనే పైకి వచ్చిరి. ఒక చిన్న కథను తీసికొని, దానిని కొలది నిమిషములలో తెరపై చెప్పు నేర్పును విద్యార్థులకు పాఠముగా చెప్పవచ్చునని తొలుత పూనుకొన్న వారి చరిత్ర విన దగినది. వారి కడ కథ లుండెను, విద్యార్థు లుండిరి, ఉత్సాహ ముండెను, లేనిది ఫిలిము.

1919లో మాస్కో నగరమున ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల వెలసెను. దానికి మూలపురుషుడు వ్లదీమిర్ గార్దిన్ అను దర్శకుడు. ఒక ప్రభుత్వము నెలకొల్పిన చలనచిత్ర విద్యాలయములలో ప్రపంచమున ఇదియే మొదటి దని చెప్పుదురు. కాలము చూడబోతే అంతర్యుద్ధకాలము. తినుటకు రొట్టె లేదు, చలి కాచుకొనుటకు కట్టె లేదు. ముడిఫిలిము రష్యాలో తయారయ్యెడిది కాదు, విదేశములనుండి రావలసినదే. దిగ్బంధనముచే ఆ రాక సన్నగిల్లిపోయెను. ఆ యేడే ఆగస్టు 27వ తేదీన చిత్రపరిశ్రమను జాతీయము చేయు శాసనముపై లెనిన్ సంతకము చేసెను. నిర్మాతలు, నటులు పలువురు దేశము విడిచి వెళ్ళిపోయిరి.

ఈ పాఠశాలలో లెవ్ కులెషోవ్ అను ఉపాధ్యాయుడు 1920లో కొందరు విద్యార్థులను చేరదీసి ఒక బృందముగా ఏర్పరచెను. ఆయన 1899లో జన్మించెను. అనగా ఉపాధ్యాయునికి అప్పటికి ఇరువది యొక్క యేండ్లు. అంతకు ముందు స్టూడియోలో దృశ్యములకు రంగాలంకరణ చేసిన అనుభవము ఆయనకు కలదు. శిష్యులలో పుదోవ్కిన్ ఆయనకంటె ఆరేండ్లు పెద్ద. రసాయనశాస్త్రము చదివి, మొదటి ప్రపంచయుద్ధములో జర్మనులకు ఖైదీగా చిక్కి తిరిగి వచ్చిన వాడు. ఖోఖ్లోవా అను నటియు, ముష్టియుద్ధములో ఆరితేరిన బార్నెట్ అను యువకుడును క్రమముగా ఆ గుంపులో చేరిరి.

ఫిలిము లేకుండ చలనచిత్రము నేర్పుట ఎట్లు? వారు చిన్న కథలు వ్రాసికొనిరి. ప్రతి కథను నాటకమువలె గాక, కెమేరా చూడవలసిన తునకలుగా విభజించిరి. పిదప వేదికపై ఆ తునకలను ఒకదాని వెంట నొకటి, తెర తీయుచు వేయుచు, వడివడిగా ప్రదర్శించిరి. ఒక చేయి తలుపు గడియపై పడుట యొక తునక; లోపలి మనిషి తలయెత్తుట మరియొకటి. ప్రేక్షకుడు ఎంతసేపు చూడవలెను, ఏది చూడవలెను, ఏది చూడకయే గ్రహించవలెను అను లెక్క అక్కడ కుదురవలెను. వీటిని 'ఫిలిము లేని ఫిలిములు' అనిరి. మా యభిప్రాయమున ఆ శిక్షణలోని బలమంతయు ఇక్కడనే యున్నది. జేబులోని ఫోనుతో గంటల తరబడి తీయగల నేటి విద్యార్థి తీసిన పిమ్మట ఏరుకొనును. నాటివాడు ముందే ఏరుకొనవలసి వచ్చెను.

చేతికి చిక్కిన పాతచిత్రముల ముక్కలను అతికి చూచుట వారి రెండవ సాధన. మజూఖిన్ అను ప్రసిద్ధనటుని ముఖమును, భావము లేని యొకే చిత్రమును, వేరు వేరు దృశ్యముల ప్రక్కన అతికిరట. పులుసుగిన్నె ప్రక్కన ఆ ముఖము ఆకలిని, శవపేటిక ప్రక్కన దుఃఖమును, ఆటలాడు బిడ్డ ప్రక్కన వాత్సల్యమును చూపుచున్నట్లు ప్రేక్షకులకు తోచెనట. 'అట' అని మేము ఊరక అనలేదు. ఈ వృత్తాంతము ముఖ్యముగా పుదోవ్కిన్ రచనలవలన లోకమునకు తెలిసినది. కులెషోవ్ తరువాత చెప్పిన మాటలు వివరములలో దానితో పూర్తిగా కలియవు. ఆ అతుకుల ఫిలిము నిలువలేదు. కావున ప్రేక్షకులు నిజముగా ఏమనిరో రూఢిగా చెప్పుట కష్టము; విద్యార్థులు మాత్రము దానినుండి ఒక పాఠము నేర్చిరి. అర్థము ముక్కలో లేదు, రెండు ముక్కల నడుమ పుట్టును.

మరియొక ప్రయోగము వినోదకరము. ఖోఖ్లోవా మాస్కోలో ఒక వీధిని నడచుచుండును. ఒబొలెన్స్కీ అను నటుడు దూరమున నదియొడ్డున వచ్చుచుండును. ఇరువురును గోగోల్ విగ్రహము కడ చేతులు కలుపుకొందురు. అటుపై వారు చూపు త్రిప్పగా కనబడునది వాషింగ్టనులోని శ్వేతభవనము! అది అమెరికా చిత్రమునుండి కత్తిరించిన ముక్క. తరువాత వారు ఎక్కిన మెట్లు మరల మాస్కోలోని యొక పెద్ద ప్రార్థనాలయమువి. లోకమున లేని యొక ఊరిని కత్తెరతో కట్టిరి.

చేతికి ఫిలిము వచ్చిన పిదప ఈ చదువు ఏమి ఫలించెనో చూడవలెను గదా. 1924లో 'బోల్షెవిక్కుల దేశములో మిస్టర్ వెస్ట్' అను హాస్యచిత్రమును బృందమంతయు కలిసి తీసెను. 1925లో పుదోవ్కిన్, ష్పికోవ్స్కీతో కలిసి, 'చదరంగపు జ్వరము' అను లఘు కథాచిత్రమును తీసెను. కథ అల్పము: చదరంగపు పిచ్చిలో పెండ్లినే మరచిన వరుడు, విసిగిన వధువు. అప్పుడు మాస్కోలో అంతర్జాతీయ చదరంగపు పోటీ జరుగుచుండెను. అక్కడి నిజమైన ఆటగాండ్ర దృశ్యములను కల్పితకథతో కూర్చిరి. జగజ్జేత కాపబ్లాంకా సైతము అందులో కనిపించును. లఘుచిత్రము తీయ నేర్చుకొనువారు నేటికిని చూడదగిన చిత్రమిది. 1926లో జాక్ లండన్ కథ నాధారముగా కులెషోవ్ తీసిన 'శాసనము ప్రకారము' ఇంకను గొప్పది. మంచులో ఒక గుడిసె, కొలదిమంది నటులు, వరదలో చుట్టుముట్టిన నీరు, ఇంతే సామగ్రి. హంతకుని బంధించిన దంపతులు అతనిని తామే విచారించి ఉరిదీయవలసి వచ్చుట అందలి సంకటము.

ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. నటుని దేహమును యంత్రమువలె కొలతలకు లోబరచుట కులెషోవునకు ప్రీతి. మనసు వెనుకబడె నని కొందరు ఆక్షేపించిరి. ఆ మాట కొంత నిజమే. 1930లలో రూపవాది యను నింద ఆయనపై పడెను. చిత్రములు తగ్గెను గాని బోధన ఆగలేదు. 1941లో దర్శకత్వముపై పెద్ద పాఠ్యగ్రంథమును వెలువరించి, ఆ విద్యాలయమునకే అధిపతియయ్యెను. 1970లో మరణించెను.

ఈ పాఠములు మన దేశమునకు ముఖ్యముగా పుదోవ్కిన్ ద్వారా వచ్చినవి. ఆయన రచనలకు ఐవర్ మాంటేగు చేసిన ఆంగ్లానువాదము 1929లో వెలువడెను. వంగదేశపు యువకులు దానిని శ్రద్ధతో చదివిరి. పుదోవ్కిన్ స్వయముగా 1951లో భారతదేశము చూడవచ్చెను. 1960లో పూనాలో, మూతపడిన ప్రభాత్ స్టూడియో ఆవరణలో, మన ఫిలిము ఇన్‌స్టిట్యూటు వెలసెను. అక్కడకు 1965లో ఉపాధ్యక్షుడుగా వచ్చిన ఋత్విక్ ఘటక్ పాఠము చెప్పి ఊరకుండలేదు. విద్యార్థులు పాల్గొనగా 'ఫియర్', 'రాండెవూ' అను రెండు లఘు చిత్రములు ఆ కాలముననే తయారయ్యెను. మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహాం అక్కడ ఆయన శిష్యులు.