తీగెపై రచ్చబండ: ఏబది యేండ్ల చరిత్ర

గ్రామమున రచ్చబండ ముచ్చటల కొరకు మాత్రమే యేర్పడినది కాదు. ఎవరి యింట కోడెదూడ అమ్మకమునకు ఉన్నది, సంతలో మిరప ధర ఎట్లున్నది, ఏ వడ్రంగి బండిచక్రమును చక్కగా చేయును, కాలువకు ఎచ్చట గండి పడినది అను వార్తలన్నియు అచ్చటనే చేతులు మారుచుండెను. చెప్పువాడు వినువారికి తెలిసినవాడే. అసత్యమాడినచో మరునాడు ఆ మఱ్ఱినీడను తల యెత్తి నిలువలేడు. అందుచే వార్తతోపాటు దానికి పూచీ కూడ అచ్చటనే దొరకుచుండెను.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున తెలుగునాట గ్రంథాలయోద్యమము లేచి, ఈ రచ్చబండకు ఒక కప్పును, ఒక వార్తాపత్రికను సమకూర్చెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. చదువు వచ్చినవారు పత్రికను బిగ్గరగా చదువగా రానివారు చుట్టును చేరి వినుట పలు పల్లెలలో వాడుకయ్యెను.

నేడు ఈ పనిలో పెద్ద భాగము చేతిలోని ఫోనునకు సంక్రమించినది. కిరాణా వర్తకుడు సరుకుల పట్టికను వాట్సాప్‌లో అందుకొనుచున్నాడు. నేతగాడు చీర ఛాయాచిత్రమును ఫేస్‌బుక్‌లో నిలుపుచున్నాడు. ఊరిని విడిచి దూరదేశమున నున్నవాడు జాతర వార్తను ఆ క్షణముననే తెలిసికొనుచున్నాడు. ఈ మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. దాని వెనుక ఏబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర యొక్క తొలి పుటలలోనే గ్రంథాలయమునకు స్థానము కలదు.

మొదటి యంత్రము

1973వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమునందలి బర్కిలీ పట్టణములో, విశ్వవిద్యాలయమునకు సమీపముననున్న లియోపోల్డ్స్ అను గ్రామఫోను రికార్డుల దుకాణమున ఒక వింత యంత్రమును నెలకొల్పిరి. అది తంతి వార్తలను టైపు చేయు టెలీటైపు యంత్రము. దాని చప్పుడు బాధింపకుండుటకై అట్టపెట్టెలో అమర్చి, చేతులు దూర్చుటకు రంధ్రములు చేసిరి. టెలిఫోను తీగె ద్వారా అది సముద్రపు పాయకు ఆవలనున్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోని ఒక పెద్ద కంప్యూటరుతో సంబంధము కలిగియుండెను. ఈ యేర్పాటునకు 'కమ్యూనిటీ మెమరీ', అనగా సమాజ స్మృతి, అని పేరిడిరి. లీ ఫెల్సన్‌స్టైన్, ఎఫ్రెమ్ లిప్కిన్, మార్క్ ష్పకోవ్‌స్కీ, జూడ్ మిల్హాన్ మున్నగువారు దాని నిర్మాతలు.

దానిని వాడుటకు ముఖ్యముగా తెలియవలసిన ఆజ్ఞలు రెండు: చేర్చుము, వెదకుము. ప్రకటన కలవాడు దానిని చేర్చును. అవసరము కలవాడు వెదకును. అద్దె యిండ్లు, ఉద్యోగములు, వాహనములు, వీనిని గూర్చియే జనులు వ్రాయుదురని నిర్మాతలు తలంచిరి. గాని యంత్రము ప్రక్కనే వాద్యకారుల ప్రకటనల పలక యొకటి యుండెను. అందుచే తోడివారిని వెదకుకొను వాద్యకారులు అందరికంటె ముందుగా దానిని పట్టుకొనిరి. ఇంకొకరు మంచి బేగెల్ రొట్టెలు (వడవలె నడుమ రంధ్రము గలవి) ఎచ్చట దొరకునని ప్రశ్నించిరి. దుకాణముల పేర్లు జవాబుగా వచ్చినవి. అంతటితో ఆగక, పూర్వము ఆ రొట్టెలు చేసినవాడొకడు వానిని చేయు విధమును తానే నేర్పెదనని వ్రాసెను. కొనుగోలు ప్రశ్నకు ఒక చేతిపని గురువు దొరకినాడు. స్థానిక వ్యాపారమును, ఇరుగుపొరుగు స్నేహమును ఒకే తీగెపై కలుపవచ్చునని అట్లు తొలిసారిగా తెలియవచ్చెను.

ఈ కథలో తరచుగా మరుగుపడు అంశ మొకటి కలదు. యంత్రమును ఒంటరిగా వదలలేదు. క్రొత్తవారికి వాడుక చూపుటకు ఒక సహాయకుని దాని చెంత కూర్చుండబెట్టిరి. ఒక యంత్రమును శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషన్ పేటయందలి ప్రజాగ్రంథాలయ శాఖలో నుంచిరి. ఈ తొలి ప్రయత్నము 1975 నాటికి ముగిసెను. 1984లో దానిని పునరుద్ధరించి, బర్కిలీలోని దుకాణములు మొదలగు చోట్ల మరల యంత్రములను నిలిపిరి. తరువాతి కాలమున చదువుట ఉచితము, వ్రాయుటకు 25 సెంట్లు అని నియమించిరి. చిల్లర చెల్లింపవలసివచ్చినప్పుడు జనులు ఆలోచించి వ్రాయుదురు గదా!

పట్టణములు తీగె నెక్కుట

బర్కిలీలో చిగిర్చిన యీ తలంపు అదే దేశమున ఓహయో రాష్ట్రమందలి క్లీవ్‌లండు నగరమున మరియొక రూపము దాల్చెను. అచ్చటి కేస్ వెస్టర్న్ రిజర్వు విశ్వవిద్యాలయమున టామ్ గ్రండ్నర్ అను ఆచార్యుడు 1984లో, రోగులు కంప్యూటరు ద్వారా ప్రశ్న వ్రాసినచో వైద్యుడు జవాబిచ్చు ఏర్పాటును గావించెను. దానికి లభించిన ఆదరణను జూచి 1986లో 'క్లీవ్‌లండ్ ఫ్రీ-నెట్' ను ప్రారంభించిరి. తపాలా కార్యాలయము, పాఠశాల, వైద్యశాల, న్యాయస్థానము, గ్రంథాలయము, ఇట్లు ఒక నగరమునకు గల అంగములన్నిటి పేరిట అందు విభాగము లుండెను. ప్రవేశమునకు రుసుము లేదు. దానిని నడిపినవారిలో పెక్కురు స్వచ్ఛంద సేవకులు. 1999లో, సాఫ్ట్‌వేరు 2000వ సంవత్సరపు తేదీలకు తగినట్లు లేదను కారణమున విశ్వవిద్యాలయము దానిని మూసివేసెను. పదుమూడేండ్ల పాటు వేలకొలది పౌరులకు కూడలియైనది అట్లు అస్తమించెను.

వర్జీనియా రాష్ట్రమున బ్లాక్స్‌బర్గు అను చిన్న పట్టణము 1993లో మరియొక అడుగు వేసెను. పట్టణ పాలకమండలి, వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయము, బెల్ అట్లాంటిక్ టెలిఫోను సంస్థ కలిసి పట్టణమంతయు ఇంటర్నెట్టుతో ముడిపెట్టబూనినవి. ఇంటిలో కంప్యూటరు లేనివారికై ప్రజాగ్రంథాలయమున యంత్రము లుంచబడినవి. చిల్లర వర్తకులు తమ తొలి వెబ్ పుటలను తయారుచేసికొనుటకు పట్టణము కొంత ధనసహాయము చేసెను. వృద్ధులు తమలో తాము ఒక సంఘముగా నేర్పడి, నేర్చినవారు నేర్వనివారికి నేర్పిరి. ఈ ఉదాహరణములలో సాధనము క్రొత్తది. నేర్పరి మాత్రము పొరుగువాడే.

1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ అను నతడు స్నేహితులకు స్థానిక సభల సమాచారమును ఉత్తరముల రూపమున పంపసాగెను. అదియే 'క్రెయిగ్స్‌లిస్ట్' అను ప్రకటనల వెబ్‌సైటుగా పెరిగెను. సామాన్యులు పాత బల్లను సైతము ఖర్చు లేకుండ అమ్ముకొనగలిగిరి. అది లాభము. గాని అమెరికా దేశపు స్థానిక పత్రికలు చిల్లర ప్రకటనల ఆదాయముతోనే చాలవరకు బ్రదుకుచుండెను. ఆ యాదాయము తరిగిపోగా పలు పత్రికలు విలేఖరులను తగ్గించుకొనవలసివచ్చెను. ఒక సౌకర్యము వచ్చునప్పుడు ఊరి కావలివాని జీతము ఎచ్చటినుండి వచ్చునో కూడ చూచుకొనవలెనని ఈ ఘట్టము తెలుపుచున్నది.

పుదుచ్చేరి తీరమున

ధనిక దేశపు పట్టణములకు సాధ్యమైనది భారతదేశపు పల్లెకు సాధ్యమగునా? ఈ ప్రశ్నకు జవాబు వెదకినది ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ. 1998లో పుదుచ్చేరి ప్రాంతమున విల్లియనూరు కేంద్రముగా అది గ్రామ విజ్ఞాన కేంద్రములను నెలకొల్పెను. టెలిఫోను చక్కగా లేని చోట్ల రేడియో తరంగములను, విద్యుత్తు నిలకడలేని చోట్ల సూర్యశక్తిని ఉపయోగించిరి. ధాన్యపు ధరలు, ప్రభుత్వ పథకములు, వైద్య వివరములు తమిళమున అందించుచుండిరి. కేంద్రములను నడిపిన గ్రామవాసులలో స్త్రీలు పెక్కురు. గ్రామమే స్థలము నీయవలెను. దళితులతో సహా అందరికిని అందు ప్రవేశ ముండవలెను అనునవి ముఖ్య నియమములు. వీరంపట్టినమను జాలరి గ్రామమున, సముద్రపు అలల ఎత్తును గూర్చి అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు తెలుపు సమాచారమును దించుకొని, ధ్వనివర్ధకముల ద్వారా ఊరంతటికి వినిపించుచుండిరి. వేటకు పోవచ్చునో లేదో జాలరి తన గుమ్మమున నిలిచియే తెలిసికొనుచుండెను.

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు ఈ యేర్పాటు విలువ వెల్లడియైనది. నల్లవాడు గ్రామమునకు చెందిన యువకుడొకడు సింగపూరులో నుండెను. అచ్చట టెలివిజనులో ప్రళయవార్తను జూచి ఇంటికి ఫోను చేసెను. గ్రామస్థులు విజ్ఞానకేంద్రపు తలుపు పగులగొట్టి, అందలి ధ్వనివర్ధకము ద్వారా హెచ్చరిక చాటిరి. జనులు పరుగిడి మెట్ట చేరిరి. ఇండ్లు కూలినవి, పడవలు పోయినవి. గాని ఊరి జనుల ప్రాణములు దక్కినవి. దూరదేశపు బిడ్డ, టెలిఫోను, ఊరిలోని ధ్వనివర్ధకము, ఈ మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను ఆనాటి కథ వేరుగా నుండెడిది.

చేతిలోని రచ్చబండ

అదే 2004వ సంవత్సరమున ఫేస్‌బుక్, ఆర్కుట్ అను రెండు వెబ్‌సైటులు పుట్టినవి. ఆర్కుట్ భారతదేశమున మిక్కిలి ప్రచారము పొంది, 2014లో మూతపడెను. ఊరి పేరిట, బడి పేరిట అందు వెలసిన సంఘముల వ్రాతలు క్రమముగా కనుమరుగైనవి. ఫేస్‌బుక్ 2007లో వ్యాపారస్థులకు ప్రత్యేక పుటల నిచ్చెను. 2009లో వాట్సాప్ వెలసెను. 2011లో అమెరికాలో ప్రారంభమైన నెక్స్ట్‌డోర్ అను వెబ్‌సైటు, చిరునామా రుజువైన పొరుగువారిని మాత్రమే ఒక పేటగా కలుపు పద్ధతిని అవలంబించెను. 2016లో జియో సేవలు ఆరంభమైన పిదప భారతదేశమున ఇంటర్నెట్టు వెల పడిపోయి, పల్లెటూరి చేతికి అందినది. 2018 జనవరిలో చిన్న వర్తకుల కొరకు ప్రత్యేకముగా వాట్సాప్ బిజినెస్ వచ్చెను. 2020లో కరోనా మహమ్మారి వలన దేశము స్తంభించినప్పుడు, పలు ఊళ్లలో కూరగాయలవాడును, మందుల దుకాణదారుడును ఈ సాధనములతోనే ఇండ్లకు సరుకు చేర్చిరి.

అయితే 2018లోనే ఈ సాధనము యొక్క రెండవ ముఖము బయటపడెను. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకార్లు వాట్సాప్ ద్వారా పలు రాష్ట్రములలో వ్యాపించి, అమాయకులైన బాటసారులు మూకల చేతులలో ప్రాణములు కోల్పోయిరి. ఆ వేసవిలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి, కానిస్టేబుళ్లను గ్రామముల వెంట పంపి, ఊరి వాట్సాప్ బృందములలో చేర్పించి, ఏది నిజమో ఏది పుకారో అచ్చటనే తెలుపు ఏర్పాటు చేసిరి. డప్పుతో, పాటతో కళాబృందములు పల్లెపల్లెకు తిరిగి బోధించినవి. అదే సంవత్సరము జులైలో వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదింటికి మించి పంపకుండ కట్టడి చేసెను. సంస్థ చేసిన కట్టడి అందరికిని ఒక్కటే. గద్వాలలో మాత్రము ముఖపరిచయము గల మనిషి వచ్చి మాటకు పూచీ పడినాడు.

చరిత్ర తెలుపునది

ఈ ఏబది యేండ్ల కథను వరుసగా చూచినచో మేలు జరిగిన చోటనెల్ల మూడు లక్షణములు కానవచ్చుచున్నవి. మొదటిది అందరికి ప్రవేశము గల స్థలము. రెండవది పేరు, ముఖము తెలిసిన ఒక సంరక్షకుడు. మూడవది ఊరి సమాచారము ఊరి చేతిలోనే నిలుచుట. మొదటి రెండును బర్కిలీలో, బ్లాక్స్‌బర్గులో, పుదుచ్చేరిలో ఉండెను. సంరక్షకుడు లేనిచోట పుకారు స్వైరవిహారము చేసెను. మూడవది లేనందున, క్లీవ్‌లండులోను ఆర్కుట్‌లోను ఎవరో యజమాని తలుపు మూసినంతనే వేలాది జనుల మాటలు చెదరిపోయినవి.

ఈ మూడింటిని గ్రామ గ్రంథాలయము పుట్టుకతోనే కలిగియున్నది. దాని తలుపు అందరికిని తెరచియుండును. గ్రంథపాలకుని ఊరంతయు ఎరుగును. దాని దస్తరములు ఊరి సొత్తు. ఊరి వాట్సాప్ బృందమునకు వచ్చు వార్తను సరిచూచి చెప్పు బాధ్యతను గ్రంథపాలకుడు వహించినచో, ఊరి కుమ్మరి, నేతగాడు, దర్జీ, విత్తనముల వర్తకుడు మొదలగువారి వివరములను ఒక పట్టికగా వ్రాసి గ్రంథాలయమున నిలిపి, దానినే ఫోనుల ద్వారా అందరికి పంపినచో, ఫోను లేని ముదుసలి కూడ గోడపై దానిని చదివించుకొనగలడు. ఏ సంస్థ మూతపడినను ఆ పట్టిక పోదు. పత్రికను బిగ్గరగా చదివి వినిపించిన పూర్వుల పనియే యిది. చదువవలసిన కాగితము మాత్రము మారినది.