పౌను గింజల కూలి

తెలుగునాట వృద్ధులు పూర్వము కాలమును కరువులతో గుర్తించుచుండిరి. గుంటూరు ప్రాంతము వారికి 1832-33 నాటి నందన కరువు, దత్తమండలముల వారికి 1876-78 నాటి ధాత కరువు అట్టి గుర్తులు. మొదటి కరువునాటికి ప్రజలను ఆదుకొనుటకు ప్రభుత్వమునకు స్థిరమైన పద్ధతి యేదియు లేదు. రెండవ కరువునాటికి పద్ధతి యుండెను, ఉద్యోగులుండిరి, రైలుమార్గము కూడ ఉండెను. అయినను కరువు ముదురుచున్న సమయముననే సహాయమును తగ్గించిరి. అందుచేత ధాత కరువు కథలో అనావృష్టికి ఎంత చోటున్నదో ఖజానా లెక్కలకును అంత చోటున్నది.

1876లో నైరృతి ఋతుపవనము బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను వంచించినది. (అనంతపురము అప్పటికి బళ్ళారిలో భాగము, 1882లో వేరు జిల్లా అయినది.) ఆ వెనుక ఈశాన్య ఋతుపవనమును తప్పిపోవుటతో నెల్లూరు మొదలు సేలము, కోయంబత్తూరుల వరకు క్షామము ప్రాకెను. మైసూరు, బొంబాయి రాజధానిలోని దక్కను జిల్లాలు, హైదరాబాదు రాజ్యమున కొంత భాగము అదే దుస్థితిలో పడెను. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రము ఆనకట్టల పుణ్యమున పండినవి.

పైరు ఎండిన చోట మొదట చితికిపోవువాడు భూమి లేని కూలివాడు. పొలమున పని లేదు గనుక కూలి లేదు; ధరలు పెరిగినవి గనుక దాచిన రెండణాలకు మునుపటి గింజలు రావు. మగ్గమును నమ్ముకొన్న సాలెవాని వస్త్రమును కొనువారుండరు. రైతు ఎడ్లను అమ్మును, పిమ్మట ఇత్తడి పాత్రలను, తుదకు ఇంటి దూలములను అమ్మును. అంగడిలో గింజలు ఉండవచ్చును. కొనుటకు చేత డబ్బు ఉండదు. ఇట్టివారికై మద్రాసు ప్రభుత్వము రోడ్లు వేయుట, చెరువుల పూడిక తీయుట మొదలగు పనులను ప్రారంభించి కూలి ఇచ్చుచుండెను. పని చేయలేనివారికి వండిన అన్నము పెట్టుచుండెను. సంవత్సరాంతమునకు లక్షల జనము ఈ సహాయము మీద ఆధారపడి బ్రతుకుచుండిరి. అంతేగాక మద్రాసు ప్రభుత్వము ఒక వర్తక సంస్థ ద్వారా రహస్యముగా 30,000 టన్నుల ధాన్యమును తెప్పించుటకు పూనుకొనెను. ఈ రెండు పనులును కలకత్తాలోని కేంద్ర ప్రభుత్వమునకు రుచింపలేదు.

రుచింపకపోవుటకు కారణములు లేకపోలేదు. 1873 నుండి ప్రపంచ విపణిలో వెండి ధర పడిపోవుచుండెను. ఇండియా ప్రభుత్వమునకు పన్నులు వెండి రూపాయలలో వచ్చును; ఇంగ్లండులో చెల్లింపవలసిన వడ్డీలు, పింఛనులు, సైనిక వ్యయములు బంగారు నాణెములలో పోవును. ఇంచుమించు రెండు షిల్లింగులు పలికిన రూపాయి 1876 నాటికి ఇరువది పెన్నీల ప్రాంతమునకు దిగెను. వైస్రాయి లిట్టను ప్రభువు 1876 ఏప్రిల్‌లో వచ్చిన నాటినుండి పొదుపే పరమధర్మముగ నుండెను. ఆ పొదుపు అన్నిటికిని ఒకే తీరున వర్తింపలేదు. 1877 జనవరి 1వ తేదీన విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించుటకు ఢిల్లీలో జరిపిన దర్బారు వైభవమునకు కొరత రాలేదు. ఆ దర్బారు ముగిసిన వెంటనే లిట్టను సర్ రిచర్డు టెంపులును ప్రతినిధిగా నియమించి, మద్రాసు, బొంబాయి రాజధానులలో కరువు వ్యయమును అదుపులోనికి తెమ్మని పంపెను.

టెంపులు చరిత్ర విచిత్రమైనది. మూడేండ్ల క్రిందట, 1874లో, బీహారు క్షామమున సహాయ కార్యమును నడిపినవాడు ఇతడే. నాడు బర్మా నుండి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యమును తెప్పించి, ఉదారముగా పంచి, ఆకలి చావులు దాదాపు లేకుండ చేసెను. కరువుల చరిత్రలో అంతటి సాఫల్యము అరుదు. కాని దానికి లభించిన బహుమానము నింద: కోట్ల రూపాయలు వ్యర్థమైనవనియు, అంత ధాన్యము అక్కరలేకపోయెననియు విమర్శకులు ఎత్తిపొడిచిరి. చావులు లేవు గనుక కరువే లేదని వాదించుట వారికి సులభమైనది! ఆ నింద టెంపులు మనస్సున నాటుకొన్నట్లున్నది. 1877లో దక్షిణమునకు వచ్చిన టెంపులు వేరొక మనుష్యుడు.

అతడు జనవరి నెలలో మద్రాసు రాజధానిలోని కరువు జిల్లాలలో వేగముగా పర్యటించెను. అవసరము లేనివారు అనేకులు పనులలో చేరియున్నారని అతని నిర్ణయము. లక్షల మందిని జాబితాల నుండి తొలగింపజేసెను. దినకూలిని మగవానికి 1 పౌను ధాన్యమునకును, ఉప్పు మిరపకాయలకు చాలునట్టి కొద్ది చిల్లరకును కుదించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. పౌను అనగా 39 తులములు, అరసేరుకు కొంచెము తక్కువ. దానికి ప్రతిగా దినమంతయు మట్టి త్రవ్వవలెను, కంకర కొట్టవలెను. ఈ కూలికి చరిత్రలో 'టెంపులు కూలి' అను పేరు నిలిచిపోయినది.

దీనిని మొదట ఎదిరించినవాడు రాజకీయ నాయకుడు కాడు, వైద్యుడు. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖకు కమిషనరుగా నుండిన డాక్టరు విలియం రాబర్టు కార్నిష్ తన వాదమును దేహధర్మము మీద నిలిపెను. కష్టపడి పనిచేయు మనుష్యునకు ఒకటిన్నర పౌనుల ధాన్యమైనను ఉండవలెను, పైన పప్పు, కూరగాయలు ఉండవలెను. మద్రాసు చెరసాలలలో ఖైదీలకు పెట్టు తిండి ఈ కూలికంటె మెరుగు అని అతడు చూపెను. టెంపులు ప్రత్యుత్తరము వేరొక దిక్కునుండి వచ్చినది. ప్రభుత్వము ప్రాణమును నిలుపవలెనే గాని పుష్టిని చేకూర్చనక్కరలేదు. ఖర్చు ఎంత తగ్గునో అంత తగ్గవలెను అని అతని వాదసారము. ఆ వివాదము నెలల కొలది కాగితముల మీద నడిచినది. ఇద్దరును తులముల లెక్కలే చెప్పిరి. కాని ఒకరి లెక్క శరీరమును చూచి వేసినది, మరియొకరిది బడ్జెటును చూచి వేసినది.

గవర్నరు బకింగ్‌హాము డ్యూకు ఈ కోతను మనఃపూర్వకముగ అంగీకరించినవాడు కాడు. పనిస్థలములలో మనుష్యులు చిక్కి శల్యమగుట కార్నిష్ పరీక్షలలో తేలిన పిదప, మార్చి 1877లో మద్రాసు ప్రభుత్వము కూలిని 1¼ పౌనుల ధాన్యమునకును కొంత పప్పునకును పెంచెను. అడిగినదానికిని ఇచ్చుచున్నదానికిని నడుమ సగము దారి అది. అప్పటికే మశూచి, కలరా వ్యాపించి, బలము లేని దేహములను ఊడ్చుకొనిపోవుచుండెను. 1878లో వానలు వచ్చిన పిదప చలిజ్వరము మిగిలినవారిపై పడినది. ఇట్టి చావులు రికార్డులలో రోగముల ఖాతాలోనే చేరును. కూలి తగ్గించినందున చనిపోయిరని ఏ రిజిస్టరులోను వ్రాయబడదు.

బొంబాయి రాజధానిలో ప్రజలు ఊరకుండలేదు. పూనా, అహమ్మద్‌నగరు ప్రాంతములలో వేలకొలది కూలివారు తగ్గించిన కూలికి పని చేయమని పనిస్థలములను విడిచిపోయిరి. 1870లో స్థాపితమైన పూనా సార్వజనిక సభ, గణేశ వాసుదేవ జోషి మొదలగువారి పూనికతో, వారి పక్షమున విజ్ఞాపనలు పంపెను. ఆకలితో నున్నవాడు కూలిని కాదని లేచిపోవుట అధికారులకు విపరీతముగ తోచినది. నిజముగ కరువున్నచో లేచిపోవుదురా అనిరి. బీహారులో చావులు లేవు గనుక కరువు లేదన్న తర్కమునకు ఇది తోబుట్టువు.

ధాన్యము సంగతి చూడుడు. 1871లో రాయచూరు వరకు పూర్తియైన మద్రాసు రైలుమార్గము కడప, తాడిపత్రి, గుత్తి, ఆదవానిల మీదుగ, అనగా కరువు సీమ నడుమగనే పోవును. ఓడల మీద వచ్చిన బియ్యపు బస్తాలు మద్రాసు సముద్రతీరమున గుట్టలుగ పడియుండినవి. వర్తకమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదన్న సిద్ధాంతము చెక్కుచెదరలేదు. ఆ సంవత్సరములలోనే ఇండియా నుండి గోధుమ విదేశములకు ఎగుమతి యగుచుండెను. రైలు గింజలను మోయగలదు గాని కొనుశక్తిని మోయలేదు.

ఆగస్టు 1877లో డ్యూకు నేరుగ ఇంగ్లండు ప్రజలను అర్థించెను. లండను మేయరు తెరచిన నిధికి సుమారు 7 లక్షల పౌనుల ధనము వచ్చినది. ఈ యాచన లిట్టనుకు ఇష్టము కాలేదు. కరువు కూలీల చేత మద్రాసు నగరమున అడయారు, కూవము నదులను కలుపుచు త్రవ్వించిన భాగముతో తీరపు కాలువ ఏకమై, గవర్నరు పేరున బకింగ్‌హాము కాలువ యయ్యెను. మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటములుగ ఈ క్షామ చరిత్రను ప్రకటించెను. తగ్గించిన కూలిని గూర్చి నేడు తెలిసినదానిలో పెద్దభాగము అతని శ్రమఫలము. టెంపులు 1877లోనే బొంబాయి గవర్నరయ్యెను.

1881 జనాభా లెక్కలు వచ్చినప్పుడు కర్నూలు జిల్లాలో పదేండ్ల క్రిందటి జనములో సుమారు నాలుగవ వంతు, బళ్ళారిలో సుమారు ఐదవ వంతు కానరాలేదు. బ్రిటిషు ఇండియాలో అధికముగా చనిపోయినవారు 50 లక్షలకు పైబడిరని క్షామ విచారణ సంఘమే అంచనా వేసెను. తరువాతి పరిశోధకులలో కొందరి లెక్కలు ఇంకను ఎక్కువ.

సర్ రిచర్డు స్ట్రాచీ అధ్యక్షుడుగ నుండిన ఆ సంఘము 1880లో నివేదిక సమర్పించెను. కూలి ఆరోగ్యమును నిలుపుటకు చాలినదిగ నుండవలెనన్న సూత్రమును అది అంగీకరించినది. కార్నిష్ ఓడిపోయిన వాదము కొంతవరకు అట్లు గెలిచినది. ఆ నివేదిక ననుసరించి క్షామ నిబంధనావళులు పుట్టినవి. మరియొకవైపున, భవిష్యత్తు కరువులకై ఏటేట ఒకటిన్నర కోటి రూపాయలు ప్రక్కన పెట్టుదుమని వాగ్దానము చేసి ప్రభుత్వము కొత్త పన్నులు వేసెను. 1878లో రెండవ ఆఫ్గను యుద్ధము వచ్చినది. పన్నులు కొనసాగినవి, నిధి మాత్రము యుద్ధవ్యయములో కరగిపోయినది. ఈ అన్యాయమును భారతీయ పత్రికలు చాలకాలము మరువలేదు.

నిబంధనావళికి ఒక గుణమున్నది: క్షామమును ప్రకటించిన పిదప ఎవరికి ఎంత ఇయ్యవలెనో అది వ్రాసిపెట్టినది, అధికారి ఇష్టమునకు విడువలేదు. 1943లో వంగదేశమున జనము కలకత్తా వీధులలో పడి చనిపోవుచుండగా అచటి ప్రభుత్వము ఆ నిబంధనావళి ననుసరించి క్షామమును ప్రకటింపలేదు. ప్రకటించినచో అందు విధించిన పరిమాణమున ఆహారము ఇయ్యవలసి వచ్చును. అంత ఇచ్చుటకు తమ వద్ద ధాన్యము లేదని తాత్కాలిక గవర్నరు సర్ థామస్ రూథర్‌ఫర్డు వైస్రాయికి వ్రాసెను.