పల్నాటి వసంతారంభము: పనులు, వేడుకలు, పుల్లరి

పల్నాడను పేరు వినినంతనే మన మనస్సునకు తోచునవి కారెంపూడి రణరంగము, కోడిపందెము, బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ. పండ్రెండవ శతాబ్దిలో జరిగిన యొక దాయాదిపోరు ఆ సీమ చరిత్రనంతటిని కప్పివైచినది. కాని యుద్ధమునకు ముందును, తరువాతను అచ్చటి జనులు ప్రతి సంవత్సరమును పసుల మేపిరి, జొన్న కోసిరి, కట్టెలు తెచ్చుకొనిరి, నీళ్ళు మోసిరి. ఇట్టి పనులకు చరిత్రలో చోటు లేదని మనము తలంతుము. అది పొరపాటని చూపుటకు పల్నాటిలోనే యొక నిదర్శనము కలదు. అది మాఘమాసపు నిదర్శనము.

చలి శివరాత్రితో వెడలిపోవునని పెద్దలు చెప్పుదురు. పల్నాటిలో నాపరాళ్ళ నేల యెండకు త్వరగా కాగును. మాఘము సగము గడచునప్పటికి మధ్యాహ్నపుటెండ చురుక్కుమనును. తెల్లవారుజామున మాత్రము దుప్పటి వలయును. ఈ రెండింటి నడిమి కాలమే అచ్చటి వసంతారంభము.

ఆ దినములలో ఇంటిలో నెవరికిని తీరిక యుండెడిది కాదు. జొన్న కోతకు వచ్చును. కంకులు కళ్ళమునకు చేర్చి, చొప్పను ఎండబెట్టి వామి వేయవలెను; వేసవి యంతయు ఎద్దులకు అదియే మేత. మిరపపండ్లు కోసి కళ్ళమున నెఱపవలెను. ముళ్ళకంప తెచ్చి దొడ్లకు కంచె కట్టవలెను. నాగలికి, కాడికి తుమ్మకొయ్య చూచుకొనవలెను. ఉగాదికి ముందు గోడలకు సున్నము కొట్టవలెను. సున్నపురాయికి ఆ సీమలో కొఱత లేదు. బావులలో నీరు దిగుచున్నకొలది చేదత్రాటికి మూరలు చేర్చవలెను. ఆ నీరు తోడి మోయుట మాత్రము స్త్రీల పని. ఎండ ముదిరినకొలది వారి నడక పెరిగెడిది.

పనులతోపాటు వేడుకలును వచ్చెడివి. లేతజొన్న కంకులను మంటపై కాల్చి నలిపిన ఊచబియ్యము తినని పిల్లవాడుండడు. చింతపండు పండి రాలుచుండును. ఆకులు రాల్చిన మోదుగుచెట్లు నిప్పువలె పూచును. ఆ పూలను నీటిలో నానవైచి కాముని పున్నమికి వసంతము కలుపుకొందురు. ఆ చెట్ల యాకులతోనే విస్తళ్ళు కుట్టుకొందురు. రాత్రులు మంచములు వాకిటికి వచ్చును.

శివరాత్రికి నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండకు ఊరూరినుండి ప్రభలు సాగును. వెదుళ్ళతో ఎత్తుగా కట్టిన ఆ ప్రభల వెంట బండ్లు, బండ్ల వెంట పిల్లలు. ఆ కొండపై త్రికూటేశ్వరునితోపాటు ఆనందవల్లియను గొల్లభామకును గుడి యున్నది. ఆమె మోసికొనిపోవు కుండను కాకి త్రోసివైచెననియు, ఆమె శపించుటచేత నాటినుండి ఆ కొండకు కాకులు రావనియు కథ. కథ యెట్లున్నను, పల్నాటి ప్రాంతపు పెద్ద తిరునాళ్ళ తలచుకొనునది రాణిని కాదు. ఎండలో కుండ మోసిన గొల్లపడుచును.

ఇపుడు చదువరులు పైన చెప్పిన జాబితాను మఱల నొకసారి చూడవలెను. కట్టె, కంప, కాడికొయ్య, విస్తరాకు, మోదుగుపూవు: వీనిలో పెక్కింటికి అడవియే ఆధారము. పసులమేత సంగతి చెప్పనక్కరలేదు. కోతలైన పిదప చేలలో పచ్చిక యుండదు. చొప్ప ఎద్దులకే చాలదు. ఆవులును మేకలును మాఘమునుండి వానలు పడువఱకు అడవిని నమ్ముకొనవలసినదే.

ఆ యడవికి కాపలా వచ్చినది. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టముచేత దొరతనమువారు అడవులను రిజర్వుచేసి హద్దురాళ్ళు పాతించిరి. లోపల పసులను మేపుటకు పుల్లరి చెల్లింపవలెను. చెల్లింపక మేపినచో పసులను బందెలదొడ్డికి తోలుదురు. అందులకు 1871వ సంవత్సరపు చట్టము వేఱుగ నుండెను. హద్దులు ఊళ్ళకు మిక్కిలి దగ్గరగా వచ్చెననియు, క్రింది యుద్యోగులు లంచములకు పీడించుచున్నారనియు రాజధానియందలి రైతులు మొఱపెట్టుకొనిరి. అట్టి మొఱలను విచారించిన మద్రాసు అటవీ సంఘము 1913లో తన నివేదికను సమర్పించెను. నివేదిక అచ్చయినను కాపరి భయము తీరలేదు. తండ్రి తాతలు పనియనుకొన్నది కొడుకునాటికి నేరమయ్యెను.

1921లో సహాయనిరాకరణోద్యమము పల్నాటికి చేరినపుడు అచ్చటి జనులకు స్వరాజ్యమన నేమో వేఱుగ బోధింపవలసిన పని లేకపోయెను. పుల్లరి లేక పసులను మేపుకొనుటయే వారి స్వరాజ్యము. రైతుల కష్టములను విచారింపబోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగార్లు చెఱసాలపాలైరి. జనులు పుల్లరి మానిరి. అంతతో నాగక గ్రామములకు వచ్చిన యుద్యోగులను సాంఘికముగా బహిష్కరించిరి. మంగలి క్షౌరము చేయలేదు; చాకలి బట్టలుదుకలేదు. ఏ దినకృత్యములను మనము లెక్కింపమో, ఆ దినకృత్యములే ఆయుధములయ్యెను. క్షౌరము, ఉతుకు, వంటచెఱకు, మంచినీళ్ళు: ఇవి లేనిచో నెంతటి యధికారికిని ఒక దినము గడవదని పల్నాడు నిరూపించినది.

చౌరీచౌరా సంఘటన పిమ్మట 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో ఉద్యమమును నిలిపివేయుటకు తీర్మానమయ్యెను. పల్నాటి పసులకు ఆ తీర్మానముతో కడుపు నిండలేదు. ఆ నెలలోనే, మాఘబహుళమున, దుర్గి ప్రాంతమందలి మించాలపాడులో పోలీసులు తుపాకులు కాల్చిరి. పుల్లరి వ్యతిరేకోద్యమమునకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు ఆ కాల్పులలో మరణించెను. మంచములు వాకిటికి వచ్చు దినములలో, మోదుగులు పూచు దినములలో ఆ గ్రామమున నిట్లు జరిగినది. ఈ పోరు ఆ కాలమున తలయెత్తుట వట్టి యాదృచ్ఛికమని నాకు తోచదు. పుల్లరి బరువు మిక్కిలిగా తెలియునది పచ్చిక యెండి పసులు అడవివైపు తల త్రిప్పు దినములలోనే.

పూర్వపు దినములన్నియు బంగారమని నా యభిప్రాయము కాదు. ఆ వసంతము అందఱకును సమానముగా రాలేదు. ఊరి మంచినీళ్ళబావి మాలమాదిగలకు అందెడిది కాదు. ఎండ ముదిరినపుడు ఆ దూరము వారి కాళ్ళకే తెలియును. బహిష్కారమను ఆయుధము ఊరందఱిదైనను, దానిని పట్టినవి చాకలి మంగళ్ళ చేతులు. కులవృత్తియను బంధముచేత ఏ పనిని తరతరములుగ వారిచే చేయించుకొంటిమో, ఆ పనిని వారు మానుటచేతనే మనకు బలము కలిగినది. ఆ ఋణమును గ్రామము తీర్చినదా? పల్నాటి కొఱకు చెఱసాలకేగిన ఉన్నవవారే 1922లో వెలువడిన ‘మాలపల్లి’ నవలను మాలల కుటుంబమును కేంద్రముగా జేసికొని వ్రాయుట ఈ ప్రశ్నకు దూరమైన సంగతి కాదు.

తరువాతి కథ వేఱు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. నాపరాళ్ళ సీమలో వరి పండెను. జొన్నకూడు తినువారని వెక్కిరింపబడిన ఊళ్ళు తెల్లయన్నము తినుచున్నవి. నీళ్ళ కుండ కొంత తేలికయైనది, అది మేలే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా యేర్పడినది. మించాలపాటి కాల్పులకు అప్పటికి నూఱేండ్లు నిండి కొన్ని వారములయ్యెను.

నేటికిని శివరాత్రికి ప్రభలు కదలుచున్నవి, మోదుగులు పూచుచున్నవి. మన చరిత్రకారులు కారెంపూడి వీరులను గూర్చి వ్రాసినంత శ్రద్ధతో పల్నాటి మేతబీళ్ళను, బావులను, బందెలదొడ్లను గూర్చియు వ్రాయవలెను. ఊరూర ఈ సంగతులు చెప్పగల వృద్ధులు ఇంకను కొందఱుందురు. వారి తల్లులు ఎంత దూరమునుండి నీళ్ళు తెచ్చిరో, తండ్రులు పుల్లరికై ఏమి యమ్ముకొనిరో అడిగి వ్రాసికొనుటకు గొప్ప పాండిత్య మక్కరలేదు. ఒక వేసవి సెలవు చాలును.